మైనపు గుడ్డలో కొత్తిమీర కట్ట

ఈ వేసవిలో మా ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టాను. ఒకే రోజు, ఒకే బండి దగ్గర మూడు కొత్తిమీర కట్టలు కొన్నాను. వేళ్ళు కోసి, తడి తుడిచి, ఒకదాన్ని ఊరికే పళ్ళెంలో పెట్టాను. రెండోదాన్ని పాలిథిన్ కవరులో వేసి ముడివేశాను. మూడోదాన్ని తేనెమైనం పట్టించిన నూలుగుడ్డలో చుట్టాను. మూడింటినీ ఫ్రిజ్‌లో ఒకే అరలో ఉంచాను. రెండో రోజుకే పళ్ళెంలోది తల వాల్చేసింది. ఐదో రోజు కవరు విప్పితే లోపలంతా చెమట పట్టి ఉంది, అడుగు ఆకులు నల్లబడి జిగటెక్కాయి. గుడ్డలోది కాస్త నలిగింది, రెండు మూడు ఆకులు పసుపెక్కాయి. కానీ చారులో వేస్తే కొత్తిమీర వాసనే వచ్చింది.

ఒక ఇంట్లో ఒకసారి చేసిన పరీక్షతో ఏదీ రుజువు కాదని తెలుసు. అయినా జరిగినదాని వెనక ఉన్న కారణం గట్టిది. కోసినంత మాత్రాన ఆకు చచ్చిపోదు. వేరు తెగినా ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ఆక్సిజన్ తీసుకుని, తనలో దాచుకున్న చక్కెరను ఖర్చు చేసుకుంటూ, కార్బన్ డయాక్సైడ్‌నూ నీటి ఆవిరినీ కొంత వేడినీ బయటికి వదులుతుంది. ఏమీ చుట్టకుండా పెడితే ఫ్రిజ్‌లోని పొడిగాలి ఆ నీటిని లాగేస్తుంది. కవరులో బిగిస్తే ఆవిరికి దారి లేక చుక్కలై తిరిగి ఆకుల మీదే పడుతుంది, తడి నిలిచిన చోట బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. మైనపు గుడ్డ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. నీటిచుక్కను దాటనివ్వదు, ఆవిరిని చాలావరకు ఆపుతుంది, గాలిని మాత్రం మడతల సందుల్లోంచీ పలచని పొరలోంచీ కాస్త కాస్తగా పోనిస్తుంది.

అరటాకు పొట్లంలో కట్టిన మల్లెలు సాయంత్రందాకా వాడకుండా ఉండేదీ ఇలాగే. అరటాకు పైపొర కూడా మైనమే. తామరాకు మీద నీటిబొట్టు నిలవకుండా జారిపోవడానికి కారణం, ఆ ఆకు ఒంటినిండా కంటికి కనపడనంత సన్నగా మొలిచిన మైనపు గరుకుదనం. ఆకుల మైనం, తేనెటీగల మైనం రసాయన శాస్త్రం ప్రకారం దగ్గరి చుట్టాలు. మోదుగ విస్తళ్ళలో తిన్నవాళ్ళు, టేకాకులో మాంసం కట్టించుకుని తెచ్చుకున్నవాళ్ళు ఏదో ఒక మైనంలో తిండిని చుట్టుకుంటూనే వచ్చారు.

మైనం పూసిన గుడ్డ మనకు కొత్తది కాదు, అది వంటింట్లోకి ఒక సరుకుగా రావడమే కొత్త. కెనడాలోని విక్టోరియా పట్నంలో 2008లో 'అబీగో' అనే సంస్థ, అమెరికాలోని వెర్మాంట్‌లో 2012లో 'బీస్ ర్యాప్' అనే సంస్థ వీటిని అమ్మడం మొదలుపెట్టాయి. మన దేశంలో నాకు ఎక్కువ నచ్చిన ఉదాహరణ తమిళనాడులోని కొడైకెనాల్‌ది. పళని కొండల్లో, దాదాపు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్ళో ఇద్దరు మహిళలు 'హూపో ఆన్ ఎ హిల్' అనే చిన్న సంస్థ పెట్టారు. అడవితేనె తీసేవాళ్ళతో పరిచయమయ్యాక వాళ్ళు గమనించింది ఇది: తేనె పిండేసుకున్నాక మిగిలిన మైనం చాలావరకు వృథాగా పోతోంది. ఆ మైనాన్ని డబ్బు పెట్టి కొనడం దగ్గర వాళ్ళ పని మొదలైంది. దాన్ని కరిగించి, వడగట్టి, నూలుగుడ్డకు పట్టించి అమ్ముతారు. చేసేది మహిళల బృందమే. నేను ఆ పనిలో మెచ్చుకునేది గుడ్డమీది ముద్రల అందం కంటే ఈ మొదటి అడుగునే. తేనె కోసం చెట్టెక్కిన మనిషికి అదే చెట్టు మీద రెండో రాబడి దొరికింది.

ఆ మైనం విలువ తెలియాలంటే తేనెటీగ పొట్ట కిందికి చూడాలి. కూలి ఈగ పుట్టిన పన్నెండో రోజునుంచి పద్దెనిమిదో రోజుదాకా, అటూ ఇటూగా, దాని పొట్ట అడుగున నాలుగు జతల గ్రంథులు బాగా పనిచేస్తాయి. తిన్న తేనెలోని చక్కెరను అవి మైనంగా మారుస్తాయి. ద్రవంగా ఊరిన మైనం గాలి తగిలి, గాజుపెంకులాంటి చిన్న పొలుసుగా గట్టిపడుతుంది. ఒక్కో పొలుసు బరువు ఇంచుమించు ఒక మిల్లీగ్రాము. ఈగ దాన్ని వెనక కాలితో తీసి, నోటికి అందించుకుని, లాలాజలంతో నమిలి మెత్తబరిచి గోడకు మెత్తుతుంది. ఆ సమయంలో ఈగలు ఒకదాని కాళ్ళు ఒకటి పట్టుకుని దండల్లా వేలాడుతుంటాయి. గూటి లోపల వేడి 35 డిగ్రీల దగ్గర నిలబడాలి. అంతకు తగ్గితే మైనం పెళుసెక్కుతుంది, పెరిగితే గూడు జారిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. నేను చేసిన అడుగు చదరం గుడ్డకు పది గ్రాముల చిల్లర మైనం పట్టింది. అంటే దాదాపు పదివేల పొలుసులు. ఒక కిలో మైనం ఊరడానికి ఈగలు ఆరునుంచి ఎనిమిది కిలోల తేనె తింటాయని తేనెటీగల పెంపకందారులు అంచనా వేస్తారు. ఆ లెక్కన నా కొత్తిమీర కట్టను చుట్టిన గుడ్డ వెనక అరవైనుంచి ఎనభై గ్రాముల తేనె ఉంది. దాన్ని పారేసే వస్తువని ఎలా అనగలం?

ఇంత ఖర్చుపెట్టి ఈగ తయారుచేసే పదార్థం ఏమిటి? మైనంలో మూడు వందలకు పైగా రకాల అణువులు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి ఎస్టర్లు. వాటికి నమూనాగా చెప్పుకునే అణువులో పదహారు కార్బన్ల గొలుసు ఒకటి, ముప్ఫై కార్బన్ల గొలుసు ఒకటి, రెండూ ఒక ముడి దగ్గర కలుస్తాయి. ఆ ముడిలో రెండు ఆక్సిజన్ పరమాణువులుంటాయి. మిగతా పొడవంతా కార్బన్‌కు హైడ్రోజన్ అంటిపెట్టుకుని ఉన్న తిన్నటి గొలుసే. నీటికి అలాంటి గొలుసుతో పొత్తు కుదరదు. అందుకే మైనం తడవదు.

ఈ గొలుసు గురించి ఆలోచిస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. 1933లో ఇంగ్లండ్‌లోని విన్నింగ్టన్‌లో, ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనే ఇద్దరు ఎథిలీన్ వాయువును విపరీతమైన ఒత్తిడికి గురిచేసి చూస్తున్నారు. పాత్ర అడుగున తెల్లగా, మైనంలా ఉన్న పదార్థం కొంచెం మిగిలింది. అదే పాలిథిన్. మైనంలా కనిపించడం ఊరికే కాదు. పాలిథిన్ అణువు కూడా అదే కార్బన్ గొలుసు. తేడా పొడవులో ఉంది. మైనం గొలుసులో పదుల కార్బన్లుంటే పాలిథిన్ గొలుసులో వేలు, పదివేలు ఉంటాయి. పైగా మైనానికి నడుమ ఉన్న ఎస్టర్ ముడి దీనికి లేదు. సూక్ష్మజీవుల ఎంజైములు మైనాన్ని ఆ ముడి దగ్గర పట్టుకుని తెంపగలవు. పాలిథిన్‌లో వాటికి పట్టు దొరికే చోటే లేదు. నా ఫ్రిజ్‌లో పక్కపక్కన ఉన్న కవరు, గుడ్డమీది మైనం రెండూ ఒకే రకం గొలుసుతో అల్లినవి. ఒకటి మన మునిమనవల కాలందాకా ఉంటుంది, రెండోది ఉండదు. ఆ తేడా అంతా ఆ ఒక్క ముడిదీ, గొలుసు పొడవుదీ.

ఈ చుట్టరికాన్ని ఒక పురుగు కనిపెట్టింది. తేనెటీగలు పెంచేవాళ్ళకు మైనపు పురుగు పెద్ద శత్రువు. అది పట్టులోకి చొరబడి మైనాన్ని తినేస్తుంది. స్పెయిన్‌లో ఫెడెరికా బెర్టోకీని అనే శాస్త్రవేత్త తన ఇంటి తేనెపెట్టెలు శుభ్రం చేస్తూ, ఏరేసిన పురుగుల్ని ప్లాస్టిక్ సంచిలో వేసి ఉంచారు. కాసేపటికి సంచి నిండా చిల్లులు. దాన్ని బట్టి ఆమె బృందం 2017లో పరిశోధన పత్రం ప్రచురించింది. ఆధారాలు చాలవని ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. పని ఆగలేదు. 2022లో అదే బృందం, ఆ పురుగు లాలాజలంలోని రెండు ఎంజైములు పాలిథిన్ గొలుసును ఆక్సీకరించి చీల్చగలవని చూపించింది. వాటికి పంటల దేవతల పేర్లు పెట్టారు: డెమెట్రా, సెరెస్. మైనం తిని బతకడం అలవాటైన జీవికే ఈ శక్తి రావడంలో ఆశ్చర్యం లేదు. దీనితో చెత్తకుప్పలు మాయమవుతాయని మాత్రం ఎవరూ అనుకోకూడదు. ప్రయోగశాలలో ఒక పలచని పొర మీద జరిగినది, ఊరి బయటి డంపింగ్ యార్డులో జరగడానికి చాలా దూరం ఉంది.

గుడ్డ తయారీకి వస్తే, మొదటిసారి నేను మైనం ఒక్కటే వాడాను. పాత నూలు పంచె ముక్క మీద మైనం తురుము చల్లి, పైన కాగితం పరిచి, ఇస్త్రీపెట్టెతో కరిగించాను. చల్లారాక గుడ్డ అట్టముక్కలా బిర్రబిగుసుకుంది. గిన్నె మీద కప్పి అంచు నొక్కితే నిలవలేదు, విడిపోయింది. నాలుగు రోజులు మడతపెట్టేసరికి మడత వెంట మైనం తెల్లగా బీటలు వారి రాలింది. అప్పుడు గాని, ఈ వ్యాపారాలన్నీ మైనంలో మరో రెండు ఎందుకు కలుపుతాయో అర్థం కాలేదు.

మొదటిది చెట్టు బంక. పైన్ చెట్ల పాలనుంచి టర్పెంటైన్ తీసేశాక మిగిలే రోజిన్ గాని, గుగ్గిలం జాతి బంక గాని వేస్తారు. అది జిగట ఇస్తుంది. అరచేతి వేడి తగలగానే మెత్తబడి, గుడ్డ తనకు తానే అంటుకుంటుంది, చల్లారగానే ఆ ఆకారంలో నిలుస్తుంది. ఈ కిటుకు వీణలు చేసేవాళ్ళకు ఎప్పుడో తెలుసు. బొబ్బిలి వీణ మీద ఇరవైనాలుగు మెట్లను పట్టి ఉంచే నల్లటి మైనం ఉంది కదా, అందులో తేనెమైనానికి గుగ్గిలం, బొగ్గుపొడి తోడవుతాయి. మైనం ఒక్కటే అయితే మెట్టును గట్టిగా పట్టదు, గుగ్గిలం ఒక్కటే అయితే పెళుసుగా విరుగుతుంది. రెండూ కలిస్తే, వేడి చేసి మెట్టును వెంట్రుకవాసి జరపవచ్చు, చల్లారాక అది కదలదు. శ్రుతి నిలవడానికి పనికొచ్చిన పాకమే గిన్నె మూతకూ పనికొచ్చింది.

రెండోది నూనె, ఎక్కువగా హొహోబా నూనె. అమెరికా, మెక్సికో ఎడారుల్లో పుట్టి ఇప్పుడు రాజస్థాన్‌లోనూ పండే ఒక పొద గింజలనుంచి దాన్ని తీస్తారు. పేరుకు నూనె గాని, అది నిజానికి ద్రవరూపంలో ఉన్న మైనం. అందులోనూ ఎస్టర్ గొలుసులే ఉంటాయి, కానీ ఆ గొలుసులకు అక్కడక్కడ వంపులుంటాయి. తిన్నటి కట్టెలతో కట్టిన మోపు బిగువుగా కుదురుతుంది, వంకర కట్టెల మోపు వదులుగా ఉంటుంది. తేనెమైనం అణువులు తిన్నటి కట్టెలు. నడుమ నాలుగు వంకర కట్టెలు దూర్చితే మోపు వదులై గుడ్డ మెత్తగా వంగుతుంది, మడత వెంట బీటలు రావు. నా రెండో ప్రయత్నంలో మూడూ కలిపాను. పరీక్షలో కొత్తిమీరను చుట్టింది ఆ గుడ్డే.

దాన్ని చన్నీళ్ళతోనే కడగాలని అమ్మేవాళ్ళు గట్టిగా చెబుతారు. ఎందుకో మన అద్దకం పనివాళ్ళు చెప్పగలరు. కోరమండల్ తీరంలో బట్టల మీద బొమ్మలు వేసేవాళ్ళు, నీలిరంగు అంటకూడని చోటల్లా కరిగించిన తేనెమైనం పూసి బట్టను నీలి తొట్టిలో ముంచేవాళ్ళు. మైనం నూలుపోగుల్లోకి దిగి రంగును రానివ్వదు. రంగు ఆరాక బట్టను మరిగే నీళ్ళలో వేస్తే మైనం కరిగి పైకి తేలిపోతుంది. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చిన జెస్యూట్ పాద్రి గాస్టన్ కోర్దూ 1742లో రాసిన ఉత్తరంలో ఈ అద్దకం పనంతా వర్ణించాడు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది. అద్దకంవాళ్ళకు వరమైన ఆ అంకె మన వంటింట్లో హద్దు అవుతుంది.

ఈ హద్దుల్ని దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఈ గుడ్డలు పుట్టింది చలిదేశాల వంటిళ్ళ కోసం. అక్కడ వీటిలో చుట్టేవి రొట్టె, చీజ్. మన వంటిల్లు వేడిది, నూనెది. ఆవిరి మీద దించిన ఇడ్లీలను అందులో చుట్టకూడదు. ఆవకాయ సీసా మీద మూతగా కట్టకూడదు, నూనె మైనాన్ని నెమ్మదిగా కరిగించుకుంటుంది. పచ్చి మాంసం, చేప అసలే వద్దు. వాటి మీది సూక్ష్మజీవుల్ని చంపాలంటే వేడినీళ్ళు కావాలి, ఈ గుడ్డ ఆ వేడిని తట్టుకోదు. మైనానికి బ్యాక్టీరియాను అణిచే గుణం ఉందని కొన్ని అట్టల మీద రాస్తారు. ఆ మాట మీద భరోసా పెట్టుకుని పాడయ్యే వంటకాల్ని బయట ఉంచడం ప్రమాదం. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో ఎండలో ఆగిన కారులో వదిలేస్తే గుడ్డ మడతలన్నీ ఒకటైపోతాయి.

మరి దేనికి? సగం కోసిన ఉల్లిపాయకు, నిమ్మచెక్కకు, కొబ్బరిచిప్పకు, కలిపిపెట్టిన చపాతీ పిండికి, చల్లారిన చపాతీలకు, కరివేపాకుకు, బెల్లం అచ్చుకు. పెరుగు గిన్నె మీద మూతగా బ్రహ్మాండంగా కుదురుతుంది. ఇవన్నీ రోజూ మనం కవర్లలో కుక్కేవే. 2022 జూలై 1నుంచి దేశంలో కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్ని నిషేధించారు. మిఠాయి డబ్బాలకు చుట్టే పలచని పొరా ఆ జాబితాలో ఉంది. ఫ్రిజ్‌లో మనం కట్టుకునే ముడులు ఏ జాబితాలోనూ ఉండవు. వాటిని తగ్గించుకోవాల్సింది మనమే.

శ్రద్ధగా వాడితే గుడ్డ దాదాపు ఏడాది పనిచేస్తుంది. పట్టు తగ్గాక మరోసారి ఇస్త్రీపెట్టె కింద కరిగిస్తే మైనం సర్దుకుంటుంది. చివరికి కంపోస్టులో వేయమంటారు. ఇక్కడ ఒక విషయం నన్ను ఆలోచింపజేసింది. 2015లో శాస్త్రవేత్తలు అనటోలియా ప్రాంతపు పాత కుండపెంకుల్లో తేనెమైనం ఆనవాళ్ళు చూపించారు. వాటి వయసు దాదాపు 9,000 ఏళ్ళు. అంత కాలం చెక్కుచెదరని పదార్థం నా పెరట్లో కుళ్ళుతుందా? కుండమట్టి రంధ్రాల్లో సూక్ష్మజీవులకు అందకుండా ఇంకిపోయిన మైనం సంగతి వేరు. తడి, వెచ్చదనం, గాలి, పేడ, లెక్కలేనన్ని సూక్ష్మజీవులు ఉన్న కుప్పలో, నూలు మీది పలచని పొర సంగతి వేరు. అయితే గుడ్డ నూరుశాతం నూలుదై ఉండాలి. పాలియెస్టర్ కలిసిన గుడ్డకు ఎంత మంచి మైనం పూసినా, చివరికి మిగిలేది ప్లాస్టిక్ దారాలే. నూలుగుడ్డనైతే పొడవుగా చించి పొయ్యి రాజేయడానికి వాడుకున్నా బాగా మండుతుంది.

మైనం ఎక్కడిదన్నది గుడ్డకంటే పెద్ద ప్రశ్న. వ్యాపార స్థాయిలో పెట్టెల్లో పెంచే చోట ఈగల మీది పురుగుల్ని చంపడానికి మందులు వేస్తారు. ఆ మందుల్లో కొన్ని నీటిలో కరగవు, మైనంలో కరుగుతాయి. దాంతో ఏళ్ళ తరబడి పాత మైనంలో పోగుపడతాయి. చవకగా దొరికే మైనంలో పెట్రోలియం నుంచి తీసే పారఫిన్ కలపడమూ మామూలే. ప్లాస్టిక్ వద్దనుకుని పెట్రోలియం మైనంలో తిండి చుట్టుకోవడం కంటే విచారకరమైనది ఇంకేముంటుంది? ఎక్కడ కొన్నారో, ఎవరి దగ్గర కొన్నారో చెప్పగలిగే చిన్న సంస్థకు నేను రెండు రూపాయలు ఎక్కువ ఇస్తాను.

ఆ సంస్థ చిన్నదిగా ఉండటం కూడా అవసరమే. పది గ్రాముల లెక్కన లక్ష గుడ్డలకు టన్ను మైనం కావాలి. మైనానికి గిరాకీ పెరిగితే, తేనెతో పాటు మిగిలేదాన్ని కొనే దశ దాటి, మైనం కోసమే పట్లు కూల్చే దశ రావచ్చు. అప్పుడు ఇది మేలు చేసే వ్యాపారం కాదు. మన నల్లమలలో చెంచులు, తూర్పు కనుమల్లో ఎందరో ఆదివాసులు తేనె తీసి బతుకుతారు. విశాఖపట్నం కేంద్రంగా 1956నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ వాళ్ళ తేనె కొంటుంది. ఆ తేనె వెంటే మైనమూ ఉంటుంది. మన దగ్గరా ఇలాంటి గుడ్డలు చేసే చిన్న బృందాలు రావాలని నాకు బలంగా ఉంది. కానీ అవి ముందు చూడాల్సింది గుడ్డను కాదు, తేనె తీసే తీరును.

కొండతేనె ఈగ ఒకే ఒక పెద్ద పట్టును కొమ్మకో బండరాతికో బహిరంగంగా వేలాడదీస్తుంది. దాని పైభాగంలో, సాధారణంగా ఒక పక్కకు, లావుగా ఉబ్బినట్టు ఉండేది తేనె గది. దాని కింద గుడ్లు, పిల్లపురుగులు. మంట పెట్టి ఈగల్ని మాడ్చి, పట్టంతా కోసి, పిల్లలతో సహా పిండేస్తే తేనె పలచబడుతుంది, త్వరగా పులుస్తుంది, ఆ గుంపు అక్కడితో అయిపోతుంది. పచ్చి ఆకుల పొగ మాత్రమే వేసి, లావుపాటి తేనె భాగాన్ని మాత్రం కోసి, పిల్లలున్న భాగాన్ని కొమ్మకు అలాగే వదిలేస్తే పొగ తగ్గాక ఈగలు తిరిగి వచ్చి పిల్లల మీద వాలతాయి. పువ్వులు ఇంకా ఉంటే, కోసిన అంచు దగ్గర కాళ్ళూ కాళ్ళూ పట్టుకుని దండలు కట్టి, పొలుసు తర్వాత పొలుసు నమిలి, పోయిన గదిని మళ్ళీ కట్టడం మొదలుపెడతాయి.